ప్రపంచ వార్తలపై డాక్యుమెంటరీ సభ: సినిమా ఎంపిక నుంచి చివరి ప్రశ్న దాకా

లండన్‌లో ప్యాడింగ్టన్ స్టేషనుకు దగ్గరలో ఫ్రంట్‌లైన్ క్లబ్ అని ఒక చోటు ఉంది. యుద్ధరంగాలకు వెళ్లి సొంతంగా వీడియో తీసుకొచ్చే కెమెరామన్ల బృందంలో పనిచేసిన వాన్ స్మిత్ 2003లో దాన్ని ప్రారంభించాడు. సినిమా వేయడం, తీసినవాళ్లతోనో ఆ దేశం నుంచి వార్తలు రాసినవాళ్లతోనో మాట్లాడించడం, చివర హాల్లోనివాళ్లు అడిగే ప్రశ్నలు. పద్ధతి ఇంతే. పెద్ద ఆర్భాటం ఏమీ లేని ఈ పద్ధతిని మన ఊళ్లో ఎలా నడపవచ్చో ఇక్కడ వరుసగా చెబుతాను.

మనకు సభలు కొత్త కాదు. హైదరాబాద్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక 2010 నుంచి తలుపులు తెరిచే ఉంచింది. హైదరాబాద్ ఫిలిం క్లబ్, కరీంనగర్ ఫిలిం సొసైటీ లాంటివి దశాబ్దాలుగా మంచి సినిమాను జనం ముందుకు తెచ్చాయి. చిక్కు ఎక్కడంటే, ప్రపంచ వ్యవహారాల మీద సభ పెట్టగానే అది టీవీ చర్చకు తమ్ముడైపోతుంది. రష్యాది తప్పా, అమెరికాది తప్పా అని రెండు గంటలు వాదించుకుని ఎవరి అభిప్రాయంతో వాళ్లు ఇంటికి వెళ్తారు. జర్నలిజం మీద పెట్టే సభకు పనికొచ్చే ప్రశ్న వేరు. ‘ఈ సంగతి విలేకరికి ఎలా తెలిసింది?’ అన్నది ఆ ప్రశ్న. సినిమా ఎంపిక, అతిథి ఎంపిక, మైకు ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా దాన్ని బట్టే తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: ప్రశ్న రాసుకోండి, తర్వాతే సినిమా వెతకండి

‘ఉక్రెయిన్ యుద్ధం’ అనేది సభకు విషయం కాదు, పుస్తకానికి విషయం. ‘ముట్టడిలో ఉన్న నగరం నుంచి వీడియో బయటికి ఎలా వస్తుంది?’ అనుకుంటే సభ అవుతుంది. ‘అవినీతి’ కాదు, ‘ఆసుపత్రిలో జరిగే మోసాన్ని పత్రిక ఎలా రుజువు చేస్తుంది?’. ‘దళిత మహిళా జర్నలిజం’ కాదు, ‘తమను ఊళ్లోకి రానివ్వని చోట విలేకరి వార్త ఎలా తెస్తుంది?’. ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఇంకో వారం ఆగండి. పోస్టరు మీద, అతిథికి రాసే ఉత్తరంలో, సభ మొదట్లో చెప్పే నాలుగు మాటల్లో ఇదే వాక్యం ఉండాలి.

రెండో మెట్టు: సినిమా

జర్నలిస్టుల మీద తీసిన డాక్యుమెంటరీలు చాలా ఉన్నాయి. వాటిలో విలేకరిని వీరుడిగా నిలబెట్టి చప్పట్లు కొట్టించేవే ఎక్కువ. వాటిని పక్కన పెట్టండి. పని జరుగుతున్న తీరు కనిపించే సినిమాలు కావాలి: ఫోన్లు చేయడం, కాగితాలు వెతకడం, తప్పు దారిలో వెళ్లి వెనక్కి రావడం.

ఈ కొలతకు బాగా నిలిచేది ‘కలెక్టివ్’ (2019). 2015 అక్టోబరు 30న రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లోని కలెక్టివ్ అనే క్లబ్బులో మంటలు లేచాయి. అరవై మందికి పైగా చనిపోయారు. అక్కడే చనిపోయినవాళ్ల కంటే తర్వాత ఆసుపత్రుల్లో చనిపోయినవాళ్లే ఎక్కువ. ఎందుకలా జరిగిందని ఆరా తీసింది ఆ దేశపు పెద్ద రాజకీయ పత్రికేమీ కాదు, ఆటల వార్తలు రాసే ‘గజెటా స్పోర్టురిలోర్’. ఆసుపత్రులకు సరఫరా అవుతున్న క్రిమిసంహారక ద్రావణాల్లో విపరీతంగా నీళ్లు కలుపుతున్నారని ఆ పత్రిక బయటపెట్టింది. దర్శకుడు అలెగ్జాండర్ ననావు ఆ విలేకరుల గదిలోనే కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. క్రికెట్ స్కోరు రాసే డెస్కు నుంచి ప్రభుత్వాన్ని కుదిపే వార్త రావడాన్ని ఊహించుకుంటే ఆ సినిమా మనవాళ్లకు ఎంత దగ్గరో అర్థమవుతుంది.

యుద్ధం గురించి అయితే ‘20 డేస్ ఇన్ మరియుపోల్’ (2023). అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరి మస్తిస్లావ్ చెర్నోవ్, ఫొటోగ్రాఫర్ ఎవ్గెనీ మలొలెట్కా, ప్రొడ్యూసర్ వసిలిసా స్టెపానెంకో 2022లో రష్యా సేనల ముట్టడిలో చిక్కిన ఉక్రెయిన్ నగరం మరియుపోల్‌లో ఉండిపోయారు. మార్చి 9న ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడింది. ఆ దృశ్యాలు నటన అని రష్యా అధికారులు కొట్టిపారేస్తే, ఈ బృందం ఆ గర్భిణులను వెతుక్కుంటూ మరో ఆసుపత్రికి వెళ్లింది. రుజువు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఘట్టం నాకు తెలియదు. ఇంటర్నెట్ అందే చోటు కోసం శిథిలాల మధ్య తిరగడం కూడా అందులో ఉంది. ఆ సినిమాకు 2024లో ఆస్కార్ వచ్చింది. అయితే పసిపిల్లల మరణాలను దగ్గరి నుంచి చూపిస్తుంది కాబట్టి మీ మొదటి సభకు దీన్ని పెట్టకండి. పెట్టే రోజున పోస్టరు మీదే హెచ్చరిక రాయండి.

మన దేశం నుంచి ‘రైటింగ్ విత్ ఫైర్’ (2021) ఉంది. బుందేల్‌ఖండ్‌లో 2002లో మొదలైన ‘ఖబర్ లహరియా’ మహిళా విలేకరులు పత్రిక నుంచి ఫోను వీడియోకు మారుతున్న కాలాన్ని రింటు థామస్, సుష్మిత్ ఘోష్ చిత్రించారు. ఆస్కార్ పోటీ దాకా వెళ్లిన సినిమా. అవార్డుల వేడుకకు ముందు, 2022 మార్చిలో, ఖబర్ లహరియావాళ్లే ఒక ప్రకటన చేశారు. తాము ఒకే పార్టీ మీద గురిపెట్టి రాస్తున్నట్టు సినిమా చూపించిందని, అది తమ పని మొత్తానికి సరైన చిత్రం కాదని వాళ్ల అభ్యంతరం. నన్నడిగితే సినిమా అయిపోగానే ఆ ప్రకటన సారాన్ని తెలుగులో చదివి వినిపించాలి. ఇతరుల కథలు చెప్పే విలేకరులు, తమ కథను ఇంకొకరు చెప్పినప్పుడు ఏమన్నారో వింటే చర్చ తనంతట తానే మొదలవుతుంది.

మొదటిసారి సభ పెడుతున్నవాళ్లకు నేను చెప్పేది ‘నీరోస్ గెస్ట్స్’ (2009). దీపా భాటియా తీసిన ఈ చిత్రంలో విలేకరి పాలగుమ్మి సాయినాథ్ విదర్భ రైతుల ఆత్మహత్యల వెంట నడుస్తారు. నిడివి గంట లోపే. సాయినాథ్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు, అనంతపురం రైతుల గురించీ ఎంతో రాసినవారు. కాబట్టి పత్తి, అప్పు, పురుగుమందు డబ్బా గురించి హాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికా, యూరప్ దేశాల రాయితీలు, ప్రపంచ పత్తి ధర ఆ రైతు గుమ్మం దాకా ఎలా వస్తాయన్నది చర్చలో తేలుతుంది. దానికి జతగా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు వరంగల్ బీటీ పత్తి రైతుల మీద తామే కెమెరా పట్టి తీసిన చిత్రాలు వేస్తే సాయంత్రం నిండుతుంది. నిడివి విషయంలో ఒక్క మాట: సినిమా తొంభై నిమిషాలు దాటితే చర్చకు మిగిలేది సగం ఖాళీ కుర్చీలే.

మూడో మెట్టు: హక్కులు, సర్టిఫికెట్

చాలామంది దాటేసే మెట్టు ఇది. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి సినిమా యజమాని అనుమతి, రెండోది ప్రభుత్వ సర్టిఫికెట్. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

ముందు యజమాని సంగతి. యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నంత మాత్రాన, మీకు నెలవారీ చందా ఉన్నంత మాత్రాన హాల్లో వేసే హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విద్యాసంస్థలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ సంస్థ కార్యక్రమంలో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్లకు మాత్రమే సినిమా చూపించవచ్చు. ఊరివాళ్లను పిలిస్తే ఆ వెసులుబాటు పోతుంది. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డాక్యుమెంటరీల్లో కొన్నిటిని లాభాపేక్ష లేకుండా, టిక్కెట్టు లేకుండా బోధన కోసం ఒకసారి ప్రదర్శించనిస్తుంది. ఏ సినిమాలకు ఆ అనుమతి ఉందో వాటి వివరాల్లోనే రాసి ఉంటుంది.

మిగతావాటికి దర్శకులకో పంపిణీదారులకో నేరుగా రాయండి. భారతీయ డాక్యుమెంటరీ దర్శకుల్లో ఎక్కువమంది జవాబిస్తారు, చిన్న ఊళ్లో వేస్తామంటే సంతోషిస్తారు కూడా. ఉత్తరంలో పొగడ్తలు తగ్గించి వివరాలు పెంచండి: తేదీ, ఊరు, హాలు, ఎంతమంది వస్తారు, టిక్కెట్టు ఉందా, ఎవరు నిర్వహిస్తున్నారు, తెలుగు సబ్‌టైటిళ్లు చేసుకోవచ్చా, దర్శకుడు వీడియో కాల్‌లో పావుగంట మాట్లాడగలరా. రుసుము ఎంతో వాళ్లనే చెప్పనివ్వండి. మీ దగ్గర అంత లేకపోతే ఉన్నదెంతో నిజం చెప్పండి. అనుమతి ఫోనులో మాటగా కాకుండా రాతలో తీసుకోండి.

ఇక సర్టిఫికెట్. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. డాక్యుమెంటరీకి మినహాయింపు లేదు. ఎంతమంది చేరితే ‘బహిరంగం’ అవుతుందో ఆ చట్టం నిర్వచించలేదు, పేచీలన్నీ అక్కడే పుడతాయి. సర్టిఫికెట్ ఉన్న సినిమానే ఎంచుకోవడం సులువైన దారి. నాలుగైదు సినిమాలతో చిన్న ఉత్సవం పెడుతున్నట్టయితే కేంద్ర సమాచార, ప్రసార శాఖను మినహాయింపు కోరవచ్చు. దానికి ముందుగానే దరఖాస్తు చేయాలి. ఈ సర్టిఫికెట్ గొడవ దర్శకులకూ పాతదే. ముంబయి అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవం భారతీయ చిత్రాలకు మాత్రమే సెన్సార్ షరతు పెట్టబోతే, దర్శకులు తిరగబడి 2004లో ‘వికల్ప్’ పేరుతో పోటీ ఉత్సవం నడిపారు.

కాగితాలన్నీ సరిగా ఉన్నా ఇబ్బంది రాదని హామీ లేదు. 2024 జనవరిలో సికింద్రాబాద్ సైనిక్‌పురిలోని ఒక రెస్టారెంటులో అయోధ్య వివాదంపై ఆనంద్ పట్వర్ధన్ తీసిన చిత్రం ‘రామ్ కే నామ్’ నడుస్తుండగా పోలీసులు ఆపి నిర్వాహకులను అరెస్టు చేశారు. అది ‘యూ’ సర్టిఫికెట్ ఉన్న చిత్రం, జాతీయ అవార్డు పొందింది, కోర్టు తీర్పుతో దూరదర్శన్‌లోనూ ప్రసారమైంది. అందుకని సర్టిఫికెట్ నకలు, హక్కుదారు ఉత్తరం, హాలు రసీదు ఒకే ఫైల్లో పెట్టుకుని సభ రోజున మీ దగ్గరే ఉంచుకోండి. హాలు యజమానికి సినిమా పేరు, విషయం ముందే చెప్పండి. తెలిసిన న్యాయవాది ఫోను నంబరు ఇద్దరు ముగ్గురు కార్యకర్తల దగ్గర ఉండాలి. భయపెట్టడానికి కాదు, ఆ రోజు కంగారు పడకుండా ఉండటానికి చెబుతున్నాను.

ఎన్నికల కాలమైతే మరొకటి గుర్తుంచుకోవాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ఎన్నికలకు సంబంధించిన విషయాన్ని సినిమాగా ప్రదర్శించకూడదు. పార్టీల ప్రస్తావన ఉన్న ఏ చిత్రాన్నైనా ఆ వారంలో పెట్టకపోవడమే మేలు.

నాలుగో మెట్టు: తేదీ, హాలు

మార్చిలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు. ఏప్రిల్, మే సాయంత్రాలు ఐపీఎల్‌వి. మే 3 ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినోత్సవమే కానీ, ఆ ఎండల్లో, ప్రవేశ పరీక్షల హడావిడిలో ఎవరు వస్తారు? నవంబరు నయం. 2న జర్నలిస్టులపై నేరాలకు శిక్ష పడకపోవడాన్ని ప్రశ్నించే ఐక్యరాజ్యసమితి దినం, 16న జాతీయ పత్రికా దినోత్సవం. హైదరాబాద్‌కు సొంత తేదీ ఒకటుంది: ఆగస్టు 22. ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948లో హత్యకు గురై, ప్రాణం విడిచిన రోజది.

హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్, విజయవాడలో మాకినేని బసవపున్నయ్య విజ్ఞాన కేంద్రం, విశాఖలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటివి అందరికీ తెలిసినవే. చిన్న ఊరైతే కాలేజీ సెమినార్ హాలు, ఎన్జీవో హోమ్, ఉపాధ్యాయ సంఘ భవనం, గ్రంథాలయం చూడండి. నా ఓటు గ్రంథాలయానికే. విజయవాడ రామమోహన గ్రంథాలయం 1911లో పెట్టిన కాలం నుంచి మన గ్రంథాలయోద్యమం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడంతో ఆగలేదు. చదువు రానివాళ్లకు పత్రిక చదివి వినిపించడం కూడా అక్కడి పనే.

హాలు చూడటానికి వెళ్లేటప్పుడు సభ జరిగే వేళకే వెళ్లండి. ఉదయం చూస్తే పడమటి కిటికీలోంచి సాయంత్రం ఆరింటికి తెర మీద పడే ఎండ కనిపించదు. వెంటిలేటర్లకు నల్ల చార్టులు అంటించవచ్చా, ఫ్యాన్లు ఎంత మోత చేస్తున్నాయి, కరెంటు పోతే జనరేటరు ఉందా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా, అది తాళం తీసి ఉందా అన్నవి అప్పుడే చూసుకోండి. వందమంది పట్టే హాల్లో అరవైమంది కూర్చుంటే సభ నిండుగా ఉంటుంది. మూడొందల హాల్లో అదే అరవైమంది వస్తే మాట కూడా పెగలదు.

ఐదో మెట్టు: అతిథి

మన సభల్లో వేదిక మీద పదిమంది కూర్చుంటారు. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పూలగుత్తులు అయ్యేసరికి ముప్పావు గంట పోతుంది. ఇది మానేయండి. కుర్చీలు మూడు చాలు: ఒకటి సంభాషణ నడిపేవారికి, రెండు అతిథులకు.

ఆ ఇద్దరిలో ఒకరు ఆ విషయం మీద స్వయంగా వార్త రాసినవారో, కెమెరా పట్టినవారో కావాలి. ప్రపంచ రాజకీయాల విశ్లేషకులు ఎంత పేరున్నవారైనా వీళ్ల తర్వాతే. వాళ్లు చదివి చెబుతారు, మనకు కావలసినది చూసి చెప్పేవారు. ఇక రెండో కుర్చీ మీ మండల విలేకరికి ఇవ్వండి. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. కానీ ఇసుక లారీల వార్త రాసినందుకు ఫోనులో బెదిరింపు విన్నవారికి, ప్రకటనలు తెస్తేనే పత్రికలో నిలబడగలిగినవారికి బుకారెస్ట్ కథ మనందరికంటే ముందు అర్థమవుతుంది. ‘కలెక్టివ్’ చూశాక ‘మన ఏరియా ఆసుపత్రి గురించి ఇలాంటి అనుమానం వస్తే మీరు ఎక్కడ మొదలుపెడతారు?’ అని ఆ విలేకరిని అడిగితే, రుమేనియా ఒక్కసారిగా పక్క వీధిలోకి వస్తుంది. దారి ఖర్చులు, గౌరవ పారితోషికం బయటి అతిథికి ఇస్తే స్థానిక విలేకరికీ ఇవ్వండి.

విదేశంలో ఉన్న దర్శకులనో, అక్కడ పనిచేస్తున్న తెలుగు విలేకరులనో వీడియో కాల్‌లో తేవాలంటే గడియారం చూసుకోండి. మనకు రాత్రి ఏడున్నర అయితే చలికాలంలో లండన్‌లో మధ్యాహ్నం రెండు, న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. వేసవిలో అక్కడ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. కాల్‌కు పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు కేటాయించండి. తెర మీది ముఖాన్ని జనం అంతకుమించి చూడలేరు.

అతిథికి సినిమా ముందే పంపి, చూశారో లేదో మర్యాదగా కనుక్కోండి. చూడకుండా వచ్చిన అతిథి తన పాత ప్రసంగం అప్పజెబుతారు.

ఆరో మెట్టు: తెర, శబ్దం, సబ్‌టైటిళ్లు

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే లేచిపోతారు. సభలకు అద్దెకిచ్చే నిలువు స్పీకర్లు ఉపన్యాసానికి పనికొస్తాయి కానీ సినిమాలో గుసగుసలనూ దూరపు శబ్దాలనూ మింగేస్తాయి. సౌండువారికి ‘మీటింగు’ అని కాకుండా ‘సినిమా’ అని చెప్పి పెద్ద స్పీకర్లు రెండు తెరకు రెండు పక్కలా పెట్టించండి. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు తీగ కలపగానే చాలాసార్లు గుయ్‌మనే రొద వస్తుంది. ఒక్కసారి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి, తరచుగా అదే కారణం. చివరి వరుసలో కూర్చుని పది నిమిషాలు వినండి. ఖాళీ హాల్లో సరిపోయిన శబ్దం, జనం నిండాక తగ్గినట్టు వినిపిస్తుంది కాబట్టి కొంచెం పెంచి ఉంచుకోండి.

చీకటి చేయగల చిన్న హాలుకు మూడు వేల ల్యూమెన్ల (ప్రొజెక్టర్ వెలుగుకు కొలత) ప్రొజెక్టర్ చాలు. వెలుతురు లోపలికి వచ్చే హాలయితే ఐదు వేలకు తగ్గకూడదు. సబ్‌టైటిళ్లు చదవాలి కాబట్టి చివరి వరుస తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటకూడదు. అంటే ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు బొమ్మకు ఇరవై ఏడు అడుగులు. తెర కింది అంచు నేల నుంచి నాలుగడుగుల పైన ఉండాలి. లేకపోతే ముందువాళ్ల తలలు సరిగ్గా సబ్‌టైటిళ్లకే అడ్డం వస్తాయి.

సినిమా ఎప్పుడూ ఇంటర్నెట్ నుంచి నడపకండి. ఫైలు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసి, మరో ప్రతిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి, రెండో ల్యాప్‌టాప్‌ను పక్కన సిద్ధంగా ఉంచండి. వాట్సాప్ సందేశాలు తెర మీద తేలకుండా నోటిఫికేషన్లు, అప్‌డేట్లు ఆపేయండి. సినిమా మొత్తం ఆ యంత్రం మీదే ఒకసారి వేసి చూడండి, మొదటి ఐదు నిమిషాలు చూసి వదిలేయకండి.

భాష గురించి. రుమేనియన్ సంభాషణకు ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు వేసి తెలుగు ప్రేక్షకులను కూర్చోబెడితే సగం మంది పెద్దలు ఇరవై నిమిషాల్లో బయటికి వెళ్లి నిలబడతారు. అనుమతి ఉంటే తెలుగు సబ్‌టైటిళ్లు చేయండి. జర్నలిజం విద్యార్థులు ముగ్గురు నలుగురు కలిసి చేయగల పని ఇది. ఒకేసారి రెండు వరుసలకు మించకూడదు. ప్రతి మాటా అనువదించకుండా భావం చాలనుకోవాలి. అధికారుల పదవులకు మన పత్రికల్లో రాసే మాటలే వాడాలి. కొన్ని ప్లేయర్లలో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, అప్పుడు అక్షరాలను వీడియోలోనే కలిపేయడం మంచిది. ఇదంతా కుదరకపోతే ఒక పేజీ కరపత్రం ఇవ్వండి. ఒక వైపు కథలోని మనుషుల పేర్లు, పదవులు, సంగతులు జరిగిన క్రమం. రెండో వైపు పటం. అజోవ్ సముద్రం ఒడ్డున మరియుపోల్ ఎక్కడుందో చూపించని సభలో, ఆ ముట్టడికి అర్థమే లేదు.

ఏడో మెట్టు: పోస్టర్

నిడివి, సినిమా భాష, సబ్‌టైటిళ్ల భాష, ముగిసే సమయం తప్పకుండా రాయండి. ముగిసే సమయం చూసి ఆఖరి బస్సు లెక్క వేసుకునేవాళ్లు ఉంటారు. టిక్కెట్టు పెట్టకండి. బయటికి వెళ్లే తలుపు దగ్గర హుండీ పెట్టండి. వాట్సాప్ గుంపుల్లో పోస్టరు పడేయడం కంటే యాభైమందికి విడివిడిగా ఫోను చేయడం ఎక్కువ పనిచేస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఆ సాయంత్రం

ఐదున్నరకు తలుపులు, టీ. ఆరుకు చెప్పినట్టే మొదలుపెట్టాలి. ఆరున్నరకు వచ్చే పెద్దమనిషి కోసం ఆరింటికే వచ్చిన విద్యార్థిని కూర్చోబెట్టకూడదు. ముందుమాట ఐదు నిమిషాలు: పటం, మీరు రాసుకున్న ప్రశ్న, భయంకర దృశ్యాలుంటే హెచ్చరిక. లేచి బయటికి వెళ్లాలనుకునేవాళ్లకు ఏ తలుపు తెరిచి ఉందో చెప్పండి.

టీ సినిమాకు ముందే ఇవ్వండి, లేదా అంతా అయ్యాక. సినిమాకూ చర్చకూ మధ్య విరామం ఇస్తే సగం మంది ఆ టీ కప్పుతోనే గేటు దాటతారు. సినిమా చివర వచ్చే పేర్లు పూర్తిగా వెళ్లనివ్వండి, దీపాలు ఒక్కసారిగా కాకుండా ఒక వరుస తర్వాత ఒకటి వేయండి. రెండు నిమిషాలు ఎవరూ మైకు పట్టుకోవద్దు. ఆలోగా కుర్చీలు సర్దుకోవచ్చు.

తొమ్మిదో మెట్టు: చర్చ

ఇంత తిప్పలు పడింది ఈ గంట కోసమే. సంభాషణ నడిపేవారిని ఎంచుకునేటప్పుడు పాండిత్యం కంటే ఒక గుణం చూడండి: పెద్దలను నొప్పించకుండా ఆపగలగడం. ప్రతి సభలోనూ ప్రశ్న అంటూ లేచి పన్నెండు నిమిషాల ఉపన్యాసం ఇచ్చేవారు ఒకరుంటారు. ‘మాస్టారూ, మీరు అడగదలిచింది ఒక్క వాక్యంలో చెప్పండి, అతిథి దానికే జవాబిస్తారు’ అని నవ్వుతూ అనగలవారు కావాలి. మైకు ఎప్పుడూ కార్యకర్త చేతిలోనే ఉండాలి. అడిగేవారి నోటి దగ్గర పట్టుకోవాలి తప్ప వాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం సమస్యలు రావు.

మొదటి పదిహేను నిమిషాలు సినిమాలో మనం చూసినదాని మీదే మాట్లాడాలని ముందే చెప్పండి. ఇజ్రాయెల్, పాలస్తీనా కావచ్చు, ఉక్రెయిన్ కావచ్చు, కశ్మీరు కావచ్చు, ఎవరి పక్షం న్యాయమన్నది ఆ తర్వాత. ఈలోగా అడగవలసినవి ఇలా ఉంటాయి: ఈ కాగితం విలేకరికి ఎవరిచ్చారు, వాళ్లకు దాంతో ఏం పని? ఒక్కరి మాట మీదే ఆధారపడిన చోటు ఏది? అవతలి పక్షాన్ని అడిగారా, అడిగినట్టు కనబడిందా? కెమెరా లేని చోట జరిగినదాన్ని దర్శకుడు ఎలా పూరించాడు? సంగీతం తీసేస్తే ఈ ఘట్టం ఇలాగే అనిపిస్తుందా? ఈ చివరి ప్రశ్న మీద విద్యార్థులు అరగంట వాదించుకోగలరు.

చేతులు లేవకపోతే కంగారు పడకండి. సినిమాకు ముందే చిన్న చీటీలు, పెన్సిళ్లు పంచి ఉంచండి. మైకులో మాట్లాడటానికి జంకేవాళ్లు చీటీ మీద చక్కటి ప్రశ్న రాస్తారు. మొదటి అవకాశం ఒక అమ్మాయికో, వెనక వరుసలో కూర్చున్నవారికో ఇవ్వండి. ముందు వరుస పెద్దలతో మొదలైన చర్చ ముందు వరుసలోనే అయిపోతుంది.

విలేకరులు తమకు సమాచారం ఇచ్చినవాళ్ల గురించి, సంస్థలో ఒత్తిళ్ల గురించి మాట్లాడేటప్పుడు రికార్డింగు ఆపండి. ‘చాతమ్ హౌస్ నియమం’ అని లండన్‌లోని ఒక విదేశాంగ అధ్యయన సంస్థ 1927లో తెచ్చిన పద్ధతి ఉంది. సభలో విన్న విషయాన్ని బయట వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. చివరి ఇరవై నిమిషాలకు ఈ నియమం పెడుతున్నామని ప్రకటించి ఫోన్లు లోపల పెట్టించండి. మండల విలేకరి అప్పటిదాకా చెప్పనివి అప్పుడు చెబుతారు. అయినా గది నిండా మనుషులున్నారని, ఇక్కడ అందరూ మాట నిలబెట్టుకుంటారన్న భరోసా లేదని అతిథికి ముందే గుర్తుచేయడం మీ బాధ్యత.

ఎనిమిదిన్నరకు ఆపేయండి, చర్చ వేడిగా ఉన్నా సరే. ఆరుబయట పెట్టిన సభ అయితే రాత్రి పదింటి తర్వాత లౌడ్‌స్పీకర్ మోగకూడదన్న నిబంధన కూడా ఉంది. వందన సమర్పణ ఒక్క నిమిషం, అందులో సౌండువారి పేరు కూడా చదవండి.

పదో మెట్టు: మర్నాడు

దర్శకులకు ఉత్తరం రాయండి: ఎంతమంది వచ్చారు, ఏ ఘట్టంలో హాలు కదిలింది, ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదు. మీ రెండో సభకు అనుమతి సులువుగా వచ్చేది ఇందువల్లే. హుండీలో ఎంత పడింది, ఖర్చెంత అయింది అన్న లెక్క వచ్చినవాళ్లందరికీ పంపండి. ప్రేక్షకుల ముఖాలు కనిపించే ఫొటోలు మాత్రం అడక్కుండా ఎక్కడా పెట్టకండి. సున్నితమైన సినిమాకు వచ్చిన ప్రభుత్వోద్యోగికి ఆ ఒక్క ఫొటో చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

జవాబు దొరకని చీటీలను పారేయకుండా అతిథులకు పంపి, రెండు మాటల్లో జవాబు రాయించుకుని, ఆ జవాబులను గ్రంథాలయం నోటీసు బోర్డు మీద అంటించండి. వాటిలో ఒకటి తరువాతి సభకు ప్రశ్న అవుతుంది.